క్లచ్ లేని బండి

డిసెంబర్ 1, సోమవారం

బండి వచ్చింది. తెల్లది. నేను ఎర్రది అడిగాను. ఆయన "తెల్లదే ఉండనీ, ఎండకి కాగదు" అన్నారు. డిసెంబర్లో ఎండేమిటో. సరే, నడిపేది నేనే కాబట్టి రంగు దగ్గర పంతం పట్టలేదు.

నడిపేది నేనే. ఈ మాట రాస్తుంటేనే అరచేతులకు చెమటలు పడుతున్నాయి. గూడ్సు బండ్ల లోకో పైలట్ జగ్గారావు గారింట్లో కారు కొంటే స్టీరింగు భార్య నీలవేణి చేతికి రావడం నిమ్‌పురా రైల్వే క్వార్టర్సులో, ఈ బెంగాలీ ఊళ్ళో, వింతే. అడిగిన వాళ్ళందరికీ ఆయన జవాబు ఒకటే. "నానేటి, బతుకంతా పట్టాల మీద నడిపినోణ్ణి. తిప్పడం నాకు సేతకాదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. స్కూటరు తిప్పడం వచ్చు కదా అని ఎవరూ అనలేదు. ఆ స్కూటరు ఎండాకాలం నుంచి గోడకి ఆనించే ఉంది, నడుం నొప్పని.

ఆటోమేటిక్ కూడా ఆయన ఎంపికే. ఇందా బజారు దగ్గర స్కూల్లో డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు క్లచ్చుతో నేను పడ్డ పాట్లు ఆయనకు తెలుసు. "క్లచ్ లేకపోతే నీకు సగం బయం తగ్గిపోతాది" అన్నారు. మా తాహతుకు అందే బళ్ళలో ఆటోమేటిక్ అంటే క్లచ్ లోపల ఉంటుందట. మన కాలికి బదులు ఒక మెషీను దాన్ని నొక్కుతుందట. గేరు మారేటప్పుడు క్షణం ఆలోచిస్తుంది, కంగారు పడొద్దని షోరూం వాళ్ళు చెప్పారు. కంగారు పడొద్దని ఎవరైనా చెప్పగానే నాకు కంగారు మొదలవుతుంది.

అత్తయ్య చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బొట్లు పెట్టి, హారతి పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడింది. నేను బ్రేకు మీద కాలు ఉంచి, గేరు డ్రైవ్‌లో వేసి, బ్రేకు వదిలాను. యాక్సిలరేటరు తాకలేదు. ఒట్టు, తాకలేదు. బండి కదిలింది. నిమ్మకాయలు చిట్లిపోయాయి, అయినా ఆగలేదు, పెళ్ళి నడకలాగా అత్తయ్య మీదకి వెళ్ళిపోతూ ఉంది. అప్పుడు తొక్కాను. అత్తయ్య మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

"ఒలే నీలా, దిష్టి బండికా నాకా" అంది అత్తయ్య. హారతి ఆరలేదు, అదే సంతోషం.

ఆయన మాత్రం మామూలుగా అన్నారు. "అది దాని గుణం. బ్రేకు వదిల్తే తనంతట తాను పాకతాది."

నేను చెప్పకుండా కదిలే వస్తువును తెచ్చి ఇంటి ముందు కట్టుకున్నాను.


డిసెంబర్ 3, బుధవారం

యార్డు గోడ వెంట రోడ్డు ఖాళీగా ఉంటుందని అక్కడ తిప్పాం. ఎడమ కాలికి పని లేదు. దానికి ఆ సంగతి తెలియదు. మలుపు దగ్గర క్లచ్ అనుకుని బ్రేకు తొక్కేసింది. వెనక సీట్లో అత్తయ్య తల ముందు సీటుకు కొట్టుకుంది. అప్పటి నుంచి ఎడమ కాలు మడిచి సీటు కిందకి తోసి కూర్చున్నాను.

మిగతాది బాగానే ఉంది. స్టీరింగు తేలిక. సీటు ఎత్తుగా ఉంది, బానెట్టు చివర కనిపిస్తుంది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండిలో అందరం ఒకసారి తలలు ఊపుతాం, ఎవరో ఏదో అడిగితే ఒప్పుకున్నట్టు.

ఆయన నాకు ఇంజిన్ పద్ధతి పెట్టారు. ఇంజిన్లో డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ సిగ్నల్ చూడాలి. ఒకరు చెయ్యి చాపి రంగు పిలవాలి. రెండోవారు తమ కంటితో చూసి తిరిగి పలకాలి. అప్పుడే చూసినట్టు లెక్క. మా వీధి పిల్లలు కుర్చీలు వరసగా వేసుకుని ఈ ఆట ఆడుకుంటారు, నేనూ ఆడాను.

"నువ్వు డ్రైవరువి, నాను అసిస్టెంటుని. అగుపడిందల్లా పిలువు. నాను పలుకుతాను."

"ఎదర సైకిల్."

"సైకిల్."

"ఎడమ పక్క మేకలు."

"మేకలు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట ఆయన మారు మాట్లాడకుండా తిరిగి పలకడం ఇదే మొదలు. ఆ సుఖం కోసమైనా ఈ బండి నేర్చుకోవచ్చు.

"మరి మంచులో సిగ్నలే కనపడకపోతే?" అని అడిగాను.

"అగుపడకపోతే రెడ్డే. ఆపీయాల. మాకు మొదటి పాటం అదే."

కూర్చున్నంతసేపూ ఆయన కాలు ఉండుండి నేలను నొక్కుతూనే ఉంది. ఇంజిన్లో డ్రైవరు కాసేపు ఏమీ ముట్టుకోకపోతే లైటు వెలుగుతుందట, కాలితో నొక్కి మేలుకునే ఉన్నానని చెప్పాలట. చెప్పకపోతే ఇంజిన్ తనే బ్రేకు వేసుకుంటుంది. ఆయన నిద్రలో కూడా మంచం కోడును తన్నుతూ ఉంటారు, కొత్తలో భయపడేదాన్ని.


డిసెంబర్ 6, శనివారం

ఆయన డ్యూటీలో ఉన్నారు. ఒక్కదాన్నే బండిలో కూర్చుని, స్టార్ట్ చేయకుండా, దిగి వచ్చేశాను.


డిసెంబర్ 9, మంగళవారం

ఇందా బజారుకి వెళ్ళాం. ఆటోలు, టోటోలనే బ్యాటరీ రిక్షాలు, బస్సులు, వాటి మధ్య కూరగాయల తోపుడు బళ్ళు. ఒక సంగతి ఒప్పుకోవాలి, అడుగు అడుగుకీ ఆగి కదిలే చోట ఈ బండి నిజంగా సుఖం. బ్రేకు వదిలితే పాకుతుంది, తొక్కితే ఆగుతుంది. అదే పాకుడు నన్ను చంపుతోంది కూడా. పాదం కొంచెం సడలితే చాలు, ఎదుటివాడి వీపు దగ్గరకొచ్చేస్తుంది.

స్పీడు బ్రేకరు చూడలేదు. ముగ్గురం ఎగిరి పడ్డాం. ఆయన చెప్పలేదు. ఒకప్పుడు స్కూటరు మీద వెనక నేను కూర్చుంటే "గట్టిగా పట్టుకో, గతుకు" అని వీధి చివరి నుంచే చెప్పే మనిషి. ఎందుకు చెప్పలేదని అడిగితే "నువ్వు పిలవందే నానెలా పలుకుతాను" అన్నారు. పద్ధతి అంటే పద్ధతే ఈయనకి.

ఇంకో చోట రోడ్డు పక్క నల్లగా ఏదో ఉంటే "ఆవు" అన్నాను. "ఆవు" అన్నారు. దగ్గరకి వెళ్తే టార్పాలిన్ కప్పిన తోపుడు బండి. నాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా.

నా కళ్ళజోడు మార్చుకోవాలి.


డిసెంబర్ 12, శుక్రవారం

వంతెన ఎక్కేటప్పుడు ముందు లారీ ఆగింది. నేనూ ఆగాను. మళ్ళీ కదలబోతే బ్రేకు నుంచి కాలు తీసి యాక్సిలరేటరు మీద పెట్టేలోగా బండి వెనక్కి జారింది. కొంచెమే. వెనకాల బైకు మీద తండ్రీ కూతురూ. ఆ పిల్ల ఎర్ర స్వెట్టరు అద్దంలో పెద్దదవుతూ కనిపించింది.

హ్యాండు బ్రేకు లాగాను. ఎలా లాగానో తెలియదు. ఆయన "బాగా సేసినావు" అన్నారు. పొగడ్త వినే స్థితిలో లేను. ఎత్తు మీద హ్యాండు బ్రేకు వేసి, కొంచెం పెట్రోలు ఇచ్చి, అప్పుడు వదలాలి. రాసుకుంటున్నాను, మళ్ళీ మర్చిపోకూడదు.

రాత్రి అన్నం తింటుంటే పచ్చడి ఎక్కడుందని ఆయన అడిగారు. పళ్ళెంలోనే ఉంది. టమాటా పచ్చడి.


డిసెంబర్ 15, సోమవారం

ఈ బండి మంచిది కాదు. అమ్మేయమని చెబుతాను.

చౌరంగీ కూడలి దాకా వెళ్దామని ఆయనే అన్నారు. హైవే దగ్గర సిగ్నలుంది, సిగ్నల్ దగ్గర నేర్చుకోకపోతే ఎలా అని. నేను మొదటి వరసలో ఆగాను. రెడ్ ఉంది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఆ మోత తలలో దూరి, మారిందేమో, మారిందేమో అనిపించి, నా నోటి నుంచి వచ్చేసింది. "గ్రీన్."

ఆయన చెయ్యి చాపి "గ్రీన్" అన్నారు. డ్యూటీ గొంతు. గట్టిగా, నిదానంగా.

ఆ గొంతు విన్నాక నేను చూడలేదు. ఇంట్లో అందరం ఆ గొంతును నమ్ముకుని బతుకుతున్నాం. కాలు తీశాను. బండి పాకింది. తెల్ల గీత దాటింది, ఇంకా పాకింది. కుడి వైపు నుంచి ఇసుక లారీ వస్తోంది. అత్తయ్య "అమ్మీ" అని నా భుజం మీద గుద్దింది. తొక్కాను. లారీ గాలికి మా బండి ఊగింది, అద్దమంతా ఇసుక పడింది.

పక్కనున్న టోటోవాడు తల బయట పెట్టి అరిచాడు. "ఓ దీదీ, లాల్ బాతీ దేఖ్‌తే పాన్ నా?" ఎర్ర లైటు కనపడదా అని.

ఇంటికొచ్చేశాం. గేటు దగ్గర ఆయన అన్నారు, నా వైపు చూడకుండా. "నువ్వు గ్రీన్ అన్నావు కదా."

అన్నాను. తప్పు నాదే. కానీ క్లచ్ ఉన్న బండైతే గేరు వేసి, క్లచ్ వదిలితే గాని కదలదు. ఆ మధ్యలో మనిషికి బుద్ధి రావడానికి వ్యవధి ఉంటుంది. ఇది మనిషికి వ్యవధి ఇవ్వదు. ఇది బండి లోపమే.

నేను గ్రీన్ అన్నాను. ఆయన కూడా గ్రీన్ అన్నారు. ఎండ కళ్ళలో పడి ఉంటుంది.

ఎండ మాకు వెనక ఉంది.


డిసెంబర్ 16, మంగళవారం

వెనక నుంచి ఎండ పడితే సిగ్నల్ లైట్లు వెలవెలబోయి ఏది వెలుగుతోందో తెలియదట. ఎక్కడో విన్నాను. అంతే అయి ఉంటుంది.


డిసెంబర్ 18, గురువారం

ఏబెల్ వచ్చాడు. ఆయన ఇంజిన్లో అసిస్టెంటు, రెండేళ్ళుగా ఎక్కువగా ఇద్దరూ కలిసే పని చేస్తున్నారు. ఎండాకాలం నుంచి డ్యూటీకి తన బైకు మీదే తీసుకెళ్తున్నాడు. క్రిస్మస్‌కి సెలవు దొరికిందని, విజయనగరంలో పుట్టింట్లో ఉన్న వాళ్ళావిడ ఎమిలీకి నెలలు నిండాయని, ఆదివారం వెళ్తున్నానని చెప్పాడు. ఆయన స్నానం చేస్తున్నారు. నేను టీ ఇచ్చి, కారు మాటలు చెప్పి, పిలుపుల పద్ధతి మాటకొచ్చాను. మాటవరసకే వచ్చాను.

"అన్నతో పని సేస్తే దిగులు నేదు వదినా. ఈ మద్దిన సిగ్నలు నన్నే ముందు పిలవమంటన్నాడు. రేపు నువ్వూ డ్రైవరువవుతావు, ఇప్పట్నించీ అలవాటు సేసుకో అన్నాడు. అలగ నేర్పినోడెవడున్నాడు సెప్పు."

"ఆయన ముందు పిలవరా?"

"ఏసంకాలం నించీ నానే. నాను పిలుస్తాను, అన్న పలుకుతాడు. ఆ గొంతుంది సూడు, ఇంజిన్ అదిరిపోద్ది."

"నువ్వెప్పుడైనా తప్పు పిలిస్తే?"

ఏబెల్ నవ్వాడు. "నానెందుకు తప్పు పిలుస్తాను వదినా."

టీ గ్లాసు తీసుకుని లోపలికెళ్ళి శాలువా కప్పుకున్నాను. చలి మొదలైంది కదా.

కొత్త అసిస్టెంటు వస్తాడట. ఎవరో తెలియదట.


డిసెంబర్ 20, శనివారం

పాపమో పుణ్యమో, చేశాను.

యార్డు రోడ్డులో ఎదర ఏమీ లేదు. ఖాళీ రోడ్డు, దూరంగా కాకి. "ఎదర లారీ" అన్నాను.

"లారీ" అన్నారు.

ఇంకొంచెం వెళ్ళాక బడి పిల్లలు గుంపుగా రోడ్డు దాటుతుంటే ఏమీ అనకుండా ఆగాను. ఆయన కూడా ఏమీ అనలేదు. కాసేపాగి "పిలవవేటి?" అన్నారు. అప్పటికి పిల్లలు దాటిపోయారు.

చౌరంగీకి వెళ్ళాను. అత్తయ్యను తీసుకెళ్ళలేదు. సిగ్నల్ గ్రీన్ ఉంది. నేను గీత దగ్గర ఆపి "రెడ్" అన్నాను.

"రెడ్" అన్నారు ఆయన, చెయ్యి చాపి.

వెనక బళ్ళన్నీ హారన్లు కొట్టాయి. బెంగాలీలో, హిందీలో తిట్లు. ఆయన కదలకుండా చెయ్యి అలాగే చాపి, నేను చెప్పిన రెడ్డును చూస్తూ కూర్చున్నారు. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే రోడ్డు కనపడదని ఏడవలేదు.

భయంగా ఉంది. ఇన్నాళ్ళూ బండిని చూసి భయపడ్డాను. అది పాకితే జానెడు పాకుతుంది. ఆయన బండి వెనక అంత పొడుగున బొగ్గు ఉంటుంది. ఆపాలంటే ఎంతో ముందు నుంచే ఆపుకుంటూ రావాలని ఆయనే చెప్పేవారు. దాని ఎదర ఇంకో బండి ఉంటుంది. అందులో మనుషులుంటారు, టిఫిన్ డబ్బాలు విప్పుకుని.


డిసెంబర్ 21, ఆదివారం

మైలేజీ బాగానే ఇస్తోంది. డిక్కీలో బియ్యం బస్తా, గ్యాసు బండ రెండూ పట్టాయి. వెనక సీట్లో ముగ్గురు పడతారు గాని మధ్యలోవారికి మోకాళ్ళు ఇబ్బంది.

ఏబెల్ వెళ్ళిపోయాడు.


డిసెంబర్ 22, సోమవారం

మధ్యాహ్నం యార్డు గోడ పక్కన బండి ఆపి, న్యూట్రల్ చేసి, హ్యాండు బ్రేకు లాగాను. ఇద్దరం ముందుకే చూస్తూ కూర్చున్నాం. కారులో అదొక సుఖం, మొహాలు చూసుకోనక్కర్లేదు.

"శనివారం నేను రెడ్ అన్నాను. గ్రీన్ ఉంది."

ఆయన కాలు నేలను నొక్కుతోంది.

"తెలుసు" అన్నారు. "హారన్లు ఇన్నాక తెలిసినాది."

అప్పుడు చెప్పారు. ఎండాకాలంలో మొదలైందట. ఎరుపు ఎరుపులా లేదట, పాత ఇటుక రంగుకి దిగిపోయిందట. "దూరాన ఐతే ఏ రంగూ కాదు, ఒట్టి ఎలుగు. పైదా కిందదా అని సోటు బట్టి పోల్చుకునీవోణ్ణి. ఇప్పుడు సోటు కూడా తెల్డం నేదు. మజ్జిగ తేటలోంచి సూసినట్టుంటాది." నాకు చెప్పకుండా మిడ్నాపూర్లో ప్రైవేటు డాక్టరుకు చూపించుకున్నారట. కంటి నరం అన్నాడట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకో అన్నాడట.

"మరి డ్యూటీకి ఎలా ఎక్కుతున్నారు?" గొంతు పెంచకూడదనుకున్నాను, పెరిగిపోయింది.

"ఏబెల్‌కి రెండు కళ్ళున్నాయి కదే. మార్చిలో మెడికల్ ఉంది. అప్పుడెలాగూ దింపీస్తారు. అందాక నాకాడ ఉండనీ." ఆపారు. మళ్ళీ అన్నారు. "మా అయ్యని ఇంజిన్ దింపీసినాక షెడ్డు కాడ బల్ల మీద కూకునీవోడు. రోజూ దణ్ణం పెట్టినోలు పక్కనించి ఎల్లిపోయీవోరు. నాను బడి నించొస్తా సూసీవోణ్ణి. నానూ ఆయన్ని పిలవకుండా ఎల్లిపోయీవోణ్ణి, నీలా."

కోపం వచ్చింది, జాలి వచ్చింది, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"క్లచ్ నేని బండి ఎందుకు కొన్నాననుకున్నావు" అన్నారు. "ముందు ముందు నన్ను తిప్పాల్సినదానివి నువ్వే. నీకు బయం నేకుండా ఉండాలని సూసినాను."

అంటే ఆయనకు అంతా తెలుసు. తన తర్వాతి బతుకుకు బండి కొని, డ్రైవరుకు తర్ఫీదు ఇచ్చి, అన్నీ అమర్చుకుని, ఆ ఒక్క పని మాత్రం చేయలేకపోతున్నారు.

"కొత్త అసిస్టెంటు తప్పు పిలిస్తే?" అన్నాను.




డిసెంబర్ 23, మంగళవారం

పొద్దున్న మంచు. ఎదురు క్వార్టరు లేదు, వీధి లేదు. మంచులో డ్రైవర్లకు గుర్తుగా పట్టాల మీద పెట్టే ఫాగ్ సిగ్నల్ టపాకాయ కాబోలు, యార్డులో ఎక్కడో పేలింది, ఉలిక్కిపడ్డాను.

డ్రైవర్లకు డ్యూటీలు వేసే లాబీకి ఫోన్ చేద్దామని నంబరు తీశాను. నీలవేణి మొగుణ్ణి ఇంజిన్ దింపించింది అంటారు. అననీ. కానీ ఆయన ఏమీ అననక్కర్లేదు, ఊరికే ఆ బల్ల మీద కూర్చుంటే చాలు, నేను ఈ ఇంట్లో తిరగలేను. ఫోన్ పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను. బండి కడిగాను. కడగాల్సినంత మట్టి లేదు.

అత్తయ్య గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "ఒలే నీలా, జగ్గు గడపలకి కాళ్ళు కొట్టుకుంటన్నాడు. మీ మావకీ ఇలగే అయినాది."

నేను బకెట్టు కింద పెట్టాను.

"నాకు ముందే తెలిసినాది. మగోడి పని, మనకేటిలే అని నోరు మూసుకున్నాను. తరవాత యార్డులో బోగీలు తగిలించీ కళాసీ ఒకడు రెండు బోగీల నడుమ ఉండగా మీ మావ ఇంజిన్ కదిపీసినాడు. జెండా అగుపడక. ఆడి కాలు పోనాది. అప్పుడు దింపినారు." ఆకు నోట్లో పెట్టుకుంది. "జగ్గుకి ఆ కాలు మాట తెల్దు. సిన్నోడు. బల్ల ఒకటే తెలుసు."

సాయంత్రం లాబీ నుంచి పిలుపు వచ్చింది. రేపు పొద్దున్నే డ్యూటీ.


డిసెంబర్ 24, బుధవారం

ఇది ఇప్పుడు రాయకపోతే రేపటికి మరోలా మార్చి రాసుకుంటాను.

మంచు నిన్నటికన్నా ఎక్కువ. ఆయన యూనిఫారం వేసుకుని, మెడలో ఈల తాడు తగిలించుకుని, బ్యాగు సర్దుకుని, గుమ్మంలో నిలబడ్డారు. ఏబెల్ లేడు, బైకు లేదు. "నేను దింపుతాను" అన్నాను. అత్తయ్య నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది, లోపలికి వెళ్ళిపోయింది.

క్వార్టర్సు దాటేదాకా నేనే పిలిచాను. యార్డు గోడ రోడ్డు ఎక్కాక బండి ఆపాను.

"ఈరోజు మీరు పిలవండి. నేను పలుకుతాను."

"ఏటి పరాచికం, టైమవుతాది."

"మీరు ఆపమంటే ఆపుతాను. లేకపోతే ఆపను."

బ్రేకు వదిలాను. బండి పాకడం మొదలుపెట్టింది, మనిషి నడక అంత. రెండు కాళ్ళూ తీసి చూపించాను. చూశారో లేదో తెలియదు. నిజానికి కుడి కాలు బ్రేకు మీద గాలిలో ఉంది. కిటికీలు దించాను, ఎవరైనా ఉంటే చప్పుడైనా వినబడుతుందని. అద్దం ముందు తెల్లగా ఉంది. నాకే పది అడుగుల దూరం కనిపిస్తోంది. ఆ రోడ్డు చివర, లాబీకి తిరిగే చోట, అడ్డంగా ఇనప గేటు ఉంది, దాని మీద ఎర్ర దీపం ఎప్పుడూ వెలుగుతుంది. ఆయనకు అది తెలుసు. ఎంత దూరంలో ఉందో మాత్రం చూస్తే గాని తెలియదు.

ఆయన ముందుకి వంగారు. ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా. చెయ్యి సగం చాచారు. రంగు పిలవడానికి నోరు తెరిచారు.

బండి పాకుతోంది.

"పిలవండి" అన్నాను.

ఆయన కాలు నేలను నొక్కింది. మళ్ళీ నొక్కింది. అక్కడ పెడలు లేదు, రబ్బరు మ్యాటు ఉంది. గట్టిగా, ఆగకుండా నొక్కుతున్నారు, ఏదో ఒకటి ఆగుతుందని. మంచులోంచి నాకు ఎర్రగా చుక్క కనిపించింది. తర్వాత గేటు కమ్మీ. నేను పలకలేదు. నాకు ఎప్పుడూ అంత భయం వేయలేదు, లారీ అప్పుడు కూడా. గేటుకు గుద్దుకుంటే బానెట్టు పోతుంది, పోనీ. నేను బ్రేకు వేసేస్తే మాత్రం ఆయన బ్యాగు తీసుకుని దిగిపోతారు, లోపల ఎవరో కొత్తవాడు ఆయన కోసం ఎదురు చూస్తుంటాడు.

ఇంకొంచెం. ఇంకొంచెం.

"అగుపడ్డం నేదు" అన్నారు. డ్యూటీ గొంతు కాదు. నేనెప్పుడూ వినని చిన్న గొంతు. తర్వాత చెయ్యి పూర్తిగా చాచి, నిదానంగా, ఇంజిన్లో పిలిచినట్టే పిలిచారు.

"అగుపడ్డం నేదు. రెడ్."

"రెడ్" అన్నాను. తొక్కాను.

బానెట్టుకూ గేటుకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. దీపం ఎరుపు అద్దం మీద పడింది. ఇద్దరి చేతుల మీదా పడింది. ఆయన చేతులు చూసుకున్నారు.

కాసేపటికి బ్యాగు తీసుకున్నారు. తలుపు తీసి, గేటు తడిమి పట్టుకుని, లోపలికి వెళ్ళారు. ఏం చెబుతారో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. బండిని న్యూట్రల్‌లో వేయాలని కూడా తోచలేదు, ఆయన తిరిగొచ్చేదాకా బ్రేకు తొక్కిపట్టే కూర్చున్నాను. కాలు చచ్చుబడిపోయింది.

వచ్చారు. చేతిలో బ్యాగు ఉంది గాని మెడలో ఈల తాడు లేదు. పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

"మెడికల్‌కి పంపుతారట. కళ్ళు సరిగా నేవని నానే సెప్పీసినాను" అన్నారు. "కుర్సీ ఏసి కూకోమన్నారు. కూకోలేదు. నువ్వు బయట ఉన్నావని సెప్పినాను."

నేను గేరు వెనక్కి వేశాను. అద్దంలో చూశాను, పక్కకి చూశాను. రోడ్డు లేదు, గోడ లేదు.

"ఏటి, పిలవవేటి" అన్నారు.

"ఏమీ కనపడటం లేదు."

"ఐతే రెడ్డే" అన్నారు. "ఆగుదాం."

హ్యాండు బ్రేకు లాగాను. మంచు తేలేదాకా అక్కడే కూర్చున్నాం.